బాగున్నవి లేని బీరువా

(పైత్యనాళంలో వేసే స్టెంట్లను పరీక్షించే ల్యాబులో, భోజనాల హాల్లో జరిగిన వీడ్కోలు సభలో, పదవీ విరమణ చేస్తున్న పెద్ద పరీక్షకురాలు మాట్లాడినది)

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, ఆయనకు అటూ ఇటూ నా కుర్చీకంటే మెత్తటి కుర్చీల్లో కూర్చున్న పెద్దలకు, ఇన్నేళ్ళూ నాతోపాటు పైత్యరసం వాసన పీల్చి, ఆ వాసనతోనే ఇళ్ళకు వెళ్ళి గుమ్మంలోనే చీవాట్లు తిన్న మిత్రులకు, ముందు వరసలో కూర్చుని ముంజేయి గోక్కుంటున్న మా ఆయనకు, ఆ చేతిని పట్టుకుని ఆపుతున్న మా కోడలికి, వెనక తలుపు దగ్గర టీ ఎప్పుడిస్తారా అని నిలబడ్డవాళ్ళకు, అందరికీ నమస్కారం. టీ కోసం నిలబడ్డవాళ్ళకు ముందే మనవి చేస్తున్నాను, నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. కాళ్ళు లాగుతాయి, కూర్చోండి. (నవ్వులు)

నా గురించి ఇందాకటి నుంచీ మాట్లాడినవాళ్ళ మాటలన్నీ శ్రద్ధగా విన్నాను. వింటుంటే, ఆవిడెవరో చాలా మంచి మనిషిలా ఉంది, ఒకసారి కలిస్తే బాగుండుననిపించింది. ఒకాయన నన్ను ముక్కుసూటి మనిషి అన్నారు. నిరుడు ఇదే ఆయన క్యాంటీన్ వరసలో నా వెనక నిలబడి, నేను వినడం లేదనుకుని, వేరే మాట వాడారు. ఫరవాలేదు, కూర్చోండి, లేవకండి. ఆ మాటే నిజానికి దగ్గరగా ఉంది. (నవ్వులు)

ఒక్క మాట మాత్రం నాలో ముల్లులా దిగబడింది. డైరెక్టరుగారు, పాపం, అభిమానంతోనే అన్నారు. "మేడమ్‌గారు పరీక్షించారంటే చాలు, ఎంతోమంది రోగులు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా నిద్రపోతున్నారు" అన్నారు. అయ్యా, ఆ ఎంతోమంది సంగతి నాకు తెలియదు. ఒక రోగి ఇంట్లోవాళ్ళు మాత్రం నిద్రపోవడం లేదు. ఆ ఇంట్లోవాళ్ళం మేమే. అందుకని, రాసుకొచ్చిన ప్రసంగం చేతిసంచీలోనే ఉంచేసి, ఇవాళ నాకు రాని పని ఒకటి చేస్తాను. భయం గురించి మాట్లాడతాను.

ఏవండీ, చెయ్యి దించండి. బాత్రూం ఎడమవైపు, నీళ్ళ యంత్రం పక్కన. అందుకు కాదా? అయితే చివర్లో అడుగుదురుగాని.

ఈ సభకు మా బంధువులు కూడా కొందరు వచ్చారు. నేనేం పని చేస్తానో వాళ్ళకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే గొట్టాలు పరీక్షిస్తానని చెప్పేదాన్ని. "అంటే ప్లంబింగా పిన్నీ?" అనేవాళ్ళు. అవునర్రా, ప్లంబింగే, కాకపోతే లోపలిది. కాలేయంలో ఊరే పైత్యరసం పేగులోకి దిగడానికి సన్నటి నాళం ఒకటి ఉంటుంది. దానికి రాయి అడ్డం పడినా, పక్కన ఏ గడ్డో పెరిగి నొక్కినా, ఆ రసం దిగే దారిలేక వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళంతా దురద పుడుతుంది, అన్నం మీద మనసు పోదు. అప్పుడు డాక్టర్లు నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, ఆ నాళంలో ఒక చిన్న స్టెంటు నిలబెట్టి దారి తెరుస్తారు. ఇవి రెండు రకాలు. ఒకటి ప్లాస్టిక్‌ది, పుల్లలా సన్నగా ఉంటుంది. ఇంకొకటి లోహపు తీగెలతో వలలా అల్లి పైన పొర వేసింది, ముడుచుకుని లోపలికి వెళ్ళి అక్కడ గొడుగులా విచ్చుకుంటుంది. అవి మనుషుల్లోకి వెళ్ళేముందు మా దగ్గరికి వస్తాయి. మేం సిలికాన్‌తో నాళంలాంటిది చేసి, ఒంటి వేడి ఉన్న నీళ్ళ తొట్టిలో పెట్టి, అందులో స్టెంటు దూర్చి, పంపుతో పైత్యరసం చుక్కచుక్కగా వదిలి, వంచి, నొక్కి, లాగి, ఆ తర్వాత ఎదురుచూస్తాం. దేనికోసమంటారా? మూసుకుపోవడం కోసం.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఇల్లంటే ల్యాబేనండీ, ఎక్కడ ఎక్కువసేపు ఉంటే అదే ఇల్లు. (నవ్వులు) ఈ ల్యాబులో 'పాసయింది' అనే మాట లేదు. గోడమీది పలక మీద ప్రతి గొట్టానికీ ఎదురుగా రెండు మాటల్లో ఏదో ఒకటే ఉంటుంది. 'నడుస్తోంది', లేదా 'మూసుకుపోయింది'. నడుస్తున్నదాన్ని మేం ఆపం. ఎన్నాళ్ళయినా సరే, అది మూసుకుపోయేదాకా చూస్తాం. మూసుకుపోయాక బయటికి తీసి, నిలువునా చీల్చి, మడ్డి ఎక్కడ మొదలైందో, ఎటు పేరుకుందో చూసి, ఆరబెట్టి, చీటీ అంటించి, కిటికీ పక్కనున్న ఇనప బీరువాలో పెడతాం. నా తర్వాత నా బల్ల దగ్గర కూర్చోబోయే అబ్బాయి, ఏ ప్రశ్న అడిగినా ముందు మణికట్టు చూసుకుని తర్వాత జవాబు చెబుతాడు కాబట్టి నేను స్టాప్‌వాచ్ అని పిలిచే అబ్బాయి, ఆ బీరువాకు శవాల బీరువా అని పేరు పెట్టాడు. పేరు పెట్టిన రోజున అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

ఇక మా ఇంటి సంగతి. ఈమధ్య ఒకరోజు పొద్దున్నే మా కోడలు వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "అత్తయ్యా, మామయ్యగారి కళ్ళు చూశారా?" అంది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, కొత్తగా చూడ్డానికేముందే?" అన్నాను.

"కిటికీ దగ్గరకొచ్చి చూడండి అత్తయ్యా."

వెళ్ళి చూశాను. ఆ రంగు నాకు తెలుసు. రోజూ మా తొట్టిలో చూసే రంగు అది. ఇన్నేళ్ళూ గాజు వెనక, చేతితొడుగుల అవతల ఉన్న రంగు మా ఇంట్లో, పేపరు చదువుతూ, కాఫీలో పంచదార తక్కువైందని సణుగుతోంది. ఆయన తలెత్తి, "ఏమిటోయ్ అలా చూస్తున్నావు, చొక్కా తిరగేసి తొడుక్కున్నానా?" అన్నారు. లేదు లెండి, చొక్కా సరిగ్గానే ఉందన్నాను.

ఆస్పత్రిలో స్కానింగులయ్యాయి. నాళం కింది కొసన ఏదో నొక్కుతోందన్నారు. అది ఏమిటో తేల్చడానికి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, జవాబు ఇంకా రాలేదు. ఆ 'ఏదో' అన్న మాట ఉంది చూశారూ, దానంత బరువైన మాట నేను వినలేదు. నా పరిస్థితి ఎలా తయారైందంటే, ఆయన్ని స్కానింగుకు తీసుకెళ్ళాక, బల్ల దగ్గరున్న నర్సమ్మను, "మా శాంపిల్ లోపలికి వెళ్ళి చాలాసేపయింది, ఇంకా బయటికి రాలేదేమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి వెంటనే ఒక ఖాళీ సీసా నా చేతిలో పెట్టి, బాత్రూం అటువైపు అంది. (నవ్వులు) నవ్వండి. నాకు మాత్రం ఆ సీసా పట్టుకుని కూర్చున్నాకే తెలిసింది, నేనేమన్నానో. శాంపిల్ అన్నాను ఆయన్ని. నా నోటితో.

తర్వాత డాక్టరుగారి గదిలోకి పిలిచారు. నెమ్మదస్తుడు, వయసులో మా అబ్బాయంత ఉంటాడు. ఆ 'ఏదో' ఏమిటో తేలేదాకా ఆగకూడదు, రసం దిగేందుకు ముందు దారి తెరవాలి, స్టెంటు వేద్దామన్నాడు. నేను చేసే పని గురించి మా కోడలు ఆయన చెవిన వేసింది. ఆయన మొహం విచ్చుకుంది.

"అలాగా అమ్మా! అయితే నేనెందుకు చెప్పడం, మీరే చెప్పండి. ఏది వేయమంటారు?"

అధ్యక్షా, ఈ నోరు ఎవరి ముందూ ఆగింది కాదు. మీ ముందు ఆగలేదు, మీకు ముందున్న డైరెక్టరు ముందూ ఆగలేదు, ఆయన త్వరగా విరమించుకోవడానికి అదే కారణమని గిట్టనివాళ్ళు అంటారు. (నవ్వులు) ఆ గదిలో మాత్రం ఆగింది. డాక్టరుగారే విడమరిచి చెప్పాడు. "రెండిట్లో ఏదీ తప్పు కాదమ్మా. ప్లాస్టిక్‌ది కొన్ని నెలలకు మూసుకుపోతుంది, అది మీకు నేను చెప్పాలా, ఆలోపే మీరు వచ్చి మార్పించుకోవాలి. పొర ఉన్న లోహపుది ఎక్కువకాలం నడుస్తుంది, ఒక్కోసారి జారుతుంది కానీ, చాలామందికి మళ్ళీ రావలసిన పని పడదు. ఇంట్లో మాట్లాడుకుని, వేసే రోజుకు ముందు సాయంత్రంలోగా ఫోన్ చేయండి."

బయటికొచ్చాక మా కోడలంది, "అత్తయ్యా, రిపోర్టు చూస్తే నాకేం అర్థంకాలేదు. మీరు మాట్లాడకుండా కూర్చున్నారు చూడండి, అప్పుడు భయమేసింది."

స్టెంటు వేసేది రేపు పొద్దున. ముందు సాయంత్రం అంటే ఇవాళే. ఇదిగో, మైకు పక్కన పెట్టుకున్న ఈ ఫోను అందుకే. మీరంతా పూలగుత్తులిస్తూ నన్ను పొగుడుతుంటే నేను దీనివైపే చూస్తున్నాను. మర్యాద తెలియని మనిషి అనుకుని ఉంటారు.

ఏవండీ, మళ్ళీ చెయ్యి ఎత్తుతారేం? అమ్మాయ్, మామయ్యగారికి కాసిని మంచినీళ్ళివ్వు.

నా భయం ఏమిటో చెబుతాను. నిన్న పొద్దున అందరికంటే ముందు వచ్చి ఆ బీరువా తెరిచాను. ఒక్కో సొరుగూ లాగి, ఒక్కో స్టెంటూ తీసి వెలుతురులో పెట్టి చూశాను. ఏది మంచిదో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు, నా కళ్ళముందే కదా ఇవన్నీ నడిచాయి, అనుకున్నాను. ప్లాస్టిక్‌వి చూశాను. మడ్డి గోధుమరంగులో, సింకు గొట్టంలో జిడ్డులాగా, పక్క చిల్లు దగ్గర మొదలై లోపలికి పాకి ఉంది. లోహపువి చూశాను. పొర ముడతపడ్డ చోట పేరుకుని ఉంది, కొన్ని జారి పక్కకు ఒరిగి ఉన్నాయి. ఇది కాదు, ఇది కాదు, ఇదీ కాదు. కింది సొరుగు దాకా వచ్చి, మళ్ళీ పై సొరుగు నుంచి మొదలెట్టాను. ఇన్నిటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మా ఆయన ఒంట్లో పెట్టడానికి పనికొచ్చేది కనపడలేదు నాకు.

అప్పుడు వచ్చాడు స్టాప్‌వాచ్.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"బాగున్నది."

వాడు మణికట్టు చూసుకున్నాడు. "బాగున్నవి ఇందులో ఉండవు కదమ్మా. మూసుకుపోయాకే కదా ఇందులో పెడతాం."

"మరి బాగున్నవి ఎక్కడ చచ్చాయిరా?"

"మనుషుల్లో ఉంటాయి. వాళ్ళు మన దగ్గరికి రారు కదమ్మా."

వాడేదో నాకు జ్ఞానం బోధించాడని అనుకోకండి. బీరువా తాళంచెవులు కావాలి వాడికి, నేను ఎంతకీ కదలడం లేదు, అందుకని అన్నాడు. (నవ్వులు) అయినా సరే, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చూడండి ఎంత తెలివైన పనో. బతుకంతా ఇదే పని చేసిన మనిషిని, మూసుకుపోయినవాటి బీరువాలో మూసుకుపోనిదాని కోసం వెతికాను. ఇంకెవరూ చేయరు ఈ పొరపాటు. కూరలమ్మేవాడు కూడా కుళ్ళినవాటి బుట్టలో చెయ్యి పెట్టి మంచివి లేవేమని ఏడవడు.

కానీ మిత్రులారా, వాడి మాటతో నా భయం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. ఎందుకంటే నాకు తెలిసింది ఒక్కటే అని అప్పుడు అర్థమైంది. ప్రతి స్టెంటూ ఎలా చెడుతుందో నాకు తెలుసు. అది బాగా పనిచేస్తే ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. స్టెంటు వేయించుకుని ఇంటికెళ్ళి, దురద తగ్గి, ఆకలేసి, కూరలో ఉప్పెక్కువైందని భార్యను విసుక్కున్న మనిషిని ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. మేం చూసేది చివరి సంగతి ఒక్కటే. ఇప్పుడు వంటింటి సింకులో నీళ్ళు కాస్త నెమ్మదిగా దిగితే పుల్ల పెట్టి పొడిచి చూస్తున్నాను. ఆయన తువ్వాలు కప్పుకుంటే చలిజ్వరమేమోనని పరిగెత్తుతున్నాను. మొన్న అన్నం దగ్గర నుదుటి మీద చెయ్యి వేస్తే, "నేను నీ తొట్టిలో గొట్టాన్ని కాదోయ్, నాకు నోరుంది" అన్నారు. ఉంటే అన్నం తినండి దాంతో, అన్నాను.

ఇంకో మాట. డాక్టరుగారు లోహపుదాని గురించి చెబుతూ 'మళ్ళీ రావలసిన పని పడదు' అన్నాడు కదా. ఎంత హాయిగా ఉందో వినడానికి. మా రిపోర్టుల్లో కూడా అలాంటి వాక్యమే ఒకటి ఉంటుంది, ఈ హాల్లో సగంమందికి కంఠస్థం. 'రోగి జీవితకాలానికి సరిపోతుంది.' మనం ఆ వాక్యాన్ని స్టెంటు గురించి అనుకుని రాస్తాం. స్టెంటు ఎక్కువకాలం నడుస్తుందని చదువుకుంటాం. ఆస్పత్రి వరండాలో, ఆయన పక్కన కూర్చుని అదే వాక్యం తలుచుకుంటే, అందులో రెండోవైపు కనపడింది నాకు. మళ్ళీ రానక్కర్లేదంటే, ఎందుకు రానక్కర్లేదు? గొట్టం అంతకాలం నడుస్తుందనా, మనిషి అంతకాలం ఉండడనా?

క్షమించండి. నీళ్ళు... ఆ, ఉన్నాయి.

ఇందాక మీరంతా కలిసి నాకొక కానుక ఇచ్చారు. గాజుదిమ్మలో పొదిగిన కొత్త స్టెంటు. చాలా అందంగా ఉంది. నేను పాడుచేయనక్కర్లేని స్టెంటు నా చేతికి రావడం ఇదే మొదలు. చేతిలో పెట్టగానే నాకు కలిగిన మొదటి ఆలోచన, దీన్ని తొట్టిలో వేస్తే ఎంతకాలం నడుస్తుందా అని. రెండో ఆలోచన వచ్చేసరికి కళ్ళు మసకబారాయి, అది ఆనందబాష్పాలని మీరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు తిరిగి ఇమ్మంటే ఇచ్చేస్తాను. (నవ్వులు)

ఇప్పుడు డైరెక్టరుగారికి ఒక విన్నపం. నా గౌరవార్థం సోమవారం నుంచి నా బల్ల ఖాళీ చేయించి, అక్కడ కొత్త యంత్రం పెట్టించి, దానికి నా పేరు పలక తగిలిస్తామని ప్రకటించారు. ఈ వయసులో యంత్రాన్నవుతానని అనుకోలేదు. కృతజ్ఞతలు. కానీ అయ్యా, ఆ బల్ల మీద ఒకటి ఇంకా నడుస్తోంది. ప్లాస్టిక్‌ది. ఎవరు చేసిందో నాకు తెలియదు, మా దగ్గరికి వచ్చేవాటికి అంకెలే గానీ పేర్లుండవు. నా అంచనా ప్రకారం అది ఎప్పుడో మూసుకుపోవాలి. మొండిది, మూసుకుపోలేదు. ఇవాళ మధ్యాహ్నం కూడా చూసి వచ్చాను, చుక్క పడుతోంది. సోమవారం బల్ల ఖాళీ చేయాలంటే దాన్ని ఆపాలి. నడుస్తున్నదాన్ని చేత్తో ఆపడం ఈ ల్యాబులో ఇంతవరకు జరగలేదు.

ఆపకండి. శాస్త్రీయమైన కారణం కావాలంటే, మధ్యలో ఆపిన పరీక్ష పరీక్షే కాదు, రాసి ఇస్తాను. అసలు కారణం కావాలంటే అది శాస్త్రం కాదు. ఒక పక్క ఆయనకు లోపల గొట్టం వేస్తుంటే, ఇంకో పక్క ఎవరో వచ్చి, బాగానే నడుస్తున్న గొట్టాన్ని బల్ల ఖాళీ కావాలని కట్టేస్తే, ఆ రెండిటికీ సంబంధం లేదని నా చదువు చెబుతుంది, నా చేతులు వినవు. చదువుకున్న ముసలిదానికి ఇంత పిచ్చి భయమేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. గొట్టాన్ని మాత్రం ఆపకండి.

డైరెక్టరుగారు తల ఊపుతున్నారు. ఊపారని అందరూ చూశారు కదా? యంత్రాన్ని ఇంకో బల్ల మీద పెడతామంటున్నారు. సంతోషం. పలక కూడా అటే తీసుకెళ్ళండి, నాకేం పట్టింపు లేదు.

ఇక ఈ ఫోను. చెప్పాల్సిన వేళ అయింది, నాకింకా ఏమీ తేలలేదు. మీలో కెమిస్టులున్నారు, ఇంజనీర్లున్నారు, లోహాల మీద డాక్టరేటు తెచ్చుకున్నవాళ్ళున్నారు. సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఏది వేయించమంటారు? (విరామం) ఎవరూ మాట్లాడరేం? రోజూ భోజనాల దగ్గర ఈ సంగతే కదా అరుచుకుంటారు, పొరదే గొప్పని ఒకరు, పుల్లే నయమని ఒకరు. ఇవాళ అందరూ చేతివేళ్ళు చూసుకుంటున్నారు. నాకు తెలుసు. శాంపిల్‌కి అంకె ఉన్నప్పుడు ఎవరైనా మాట్లాడతాం. ముందు వరసలో కూర్చుని బిస్కెట్ తింటున్నప్పుడు నోరు రాదు.

ఏవండీ, ఎన్నిసార్లు చెప్పాలి మీకు, ఆ చెయ్యి... లేచి నిలబడ్డారేమిటి? అమ్మాయ్, పట్టుకో. సరే, చెప్పండి. గట్టిగా చెప్పండి, వెనకవాళ్ళకు వినపడాలి.

"వేసేది నాకు కదోయ్. ఇందాకటి నుంచీ చెయ్యి ఎత్తుతున్నాను. ఆస్పత్రిలో డాక్టరు నిన్నడిగాడు, ఇంట్లో కోడలు నిన్నడిగింది, ఇక్కడ నువ్వు వీళ్ళందర్నీ అడుగుతున్నావు. నన్నెవరడిగారు?"

(మైకు పక్కకు జరిపి, ఆయన వైపు తిరిగి)

నిజమే. ఎవరూ అడగలేదు. మాకు అలవాటు లేదండీ. మా గొట్టాల్ని మేం ఏనాడూ అడగలేదు, ఏది వేయమంటారని. సరే, ఇప్పుడడుగుతున్నాను, ఇంతమంది సాక్షిగా. ఏది వేయించుకుంటారు?

"మళ్ళీ రమ్మంటారే, అది."

మూసుకుపోతుందండీ అది. కొన్నాళ్ళకు తప్పకుండా మూసుకుపోతుంది.

"మూసుకుపోనీ. మార్పించుకుందాం. ఫలానా రోజున మళ్ళీ రండి అని రాసిస్తారు కదా, ఆ కాగితం జేబులో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. రానక్కర్లేదంటే నాకు భయమేస్తోందోయ్."

కూర్చోండి. అమ్మాయ్, కూర్చోబెట్టు. కళ్ళు నేను తుడుచుకుంటాను, నువ్వు ఆయన సంగతి చూడు.

ఈయనకు భయమనేది లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మా ఇంట్లో భయం నా శాఖ, నిర్లక్ష్యం ఆయన శాఖ. కాపురం పెట్టిన నాడే పంచుకున్నాం. ఆయన కూడా అదే వాక్యానికి అటుపక్కన కూర్చుని, అదే భయం పడుతున్నారని నాకు తట్టలేదు. తడితే అడిగేదాన్ని. అడక్కపోబట్టే కదా, ఈ వయసులో బడిపిల్లాడిలా చెయ్యి ఎత్తుకుని కూర్చోవలసి వచ్చింది.

ఒక్క నిమిషం ఆగండి. ఇంతసేపు ఆగారు, ఇంకో నిమిషం.

హలో, డాక్టరుగారూ... ఆ, నేనే. అవును, చప్పుడుగా ఉంది, సభలో ఉన్నాను. నిర్ణయించాం. నేను కాదు, ఆయనే. ప్లాస్టిక్‌ది... తెలుసు నాయనా, మూసుకుపోతుందని నాకంటే ఎవరికి తెలుసు. అంతకుముందే వస్తాం, మార్పించుకుంటాం. మీరొక ఉపకారం చేయాలి. మళ్ళీ ఏ రోజున రావాలో ఇప్పుడే రాసి పెట్టండి... ముక్క పరీక్ష జవాబు వచ్చాక మారవచ్చా? మారితే మారనివ్వండి. అయినా ఒక తేదీ రాయండి. కాగితం మీద. రేపు పొద్దున ఆయన చేతికివ్వండి... చల్లగా ఉండండి.

(చప్పట్లు)

ఆపండి, చప్పట్లు ఆపండి. ఇందులో గెలిచిందేమీ లేదు. ఆ ముక్క పరీక్ష జవాబు ఇంకా ఎక్కడో ఒక బల్ల మీదే ఉంది, నాలాంటి ముసలమ్మ ఎవరో కళ్ళద్దాలు పైకి తోసుకుని దాన్ని చూస్తూ ఉంటుంది. ఆవిడకు మా ఆయన ఒక అంకె. నా భయం ఎక్కడికీ పోలేదు, రేపు పొద్దున్నే మాతోపాటు ఆస్పత్రికి వస్తుంది, మా ఇద్దరి మధ్యా కూర్చుంటుంది. కాకపోతే ఇవాళ్టిదాకా దాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. రేపటి నుంచి చెరోవైపు పట్టుకుంటాం.

మర్యాదలు మిగిలాయి. ఈ సభ ఏర్పాటు చేసినవాళ్ళకు, మెత్తటి కుర్చీల పెద్దలకు, నా మాటలు పడి కూడా పూలు తెచ్చినవాళ్ళకు, క్యాంటీన్ వరసలో నన్ను సరైన పేరుతో పిలిచిన ఆయనకు, గౌరవం చెడకుండా తల ఊపిన డైరెక్టరుగారికి కృతజ్ఞతలు. టీ కోసం నిలబడ్డవాళ్ళకు మరీ మరీ. నా తర్వాత వచ్చేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. ఆ బీరువా అలాగే ఉంచండి, చెడినవి చూడకపోతే మన పని లేదు. కానీ మీలో ఎవరికైనా ఈ స్టెంటు వేయించుకుని తిరుగుతున్న మనిషి తెలిస్తే, ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి, టీ ఇచ్చి, ఆకలేస్తోందా అని అడగండి. వేరేవాళ్ళు దొరక్కపోతే మా ఆయన్ని నేనే తీసుకొస్తాను. తీసుకురావాలని ఉంది. చాలా ఉంది.

ఒరే స్టాప్‌వాచ్, చేయి చూసుకున్నది చాలు గానీ, ఆ అద్దాల తలుపు తీసి ల్యాబులోకి వెళ్ళి, నా బల్ల మీద చుక్క పడుతోందో లేదో ఒక్కసారి చూసి రా. పరిగెత్తకు, తొట్టి కదులుతుంది. మేం ఇక్కడే ఉంటాం.

(విరామం)

పడుతోందట. ఇక సెలవు.